అమ్మోరి తక్కెడ మీద ఫిర్యాదు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. పాతికేళ్లు తూనికలు కొలతల శాఖలో గ్రాము అటూ ఇటూ పోకుండా తూచిన మనిషిని. నడుం నొప్పి వల్ల యాభై రెండో ఏట స్వచ్ఛందంగా పదవి దిగిపోయాక, కనీసం నోటికైనా తూకం లేకుండా బతుకుదామనుకున్నాను. కాబట్టి నేను వందమంది అంటే ఇరవైమంది అనుకోండి, గేదె అంటే దూడ అనుకోండి. బజారులో చింతపండుకి తరుగు తీసినట్టే నా ప్రతి వాక్యానికీ మూడో వంతు తరుగు తీసి చదువుకోండి. పూర్తిగా కల్పించిన భాగం ఏదో చివర్లో నేనే చెబుతాను. లోపం తెలిసీ దాచిపెట్టడం మా శాఖలో నేరం.

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను శ్రీకాకుళం నుంచి విజయనగరం బదిలీ చేశారు. హోదా మారలేదు, ఇన్‌స్పెక్టరే. శ్రీకాకుళంలో ఉన్నన్నాళ్లూ అరసవల్లి దారిలోని పూల కొట్లు, పటికబెల్లం కొట్లు తనిఖీ చేసీ చేసీ నా చొక్కాలకు కర్పూరం వాసన పట్టింది. విజయనగరం వచ్చాక ఆ వాసన పోవడానికి ఆరు నెలలూ, మూడు బస్తాల సబ్బు పొడీ పట్టాయి.

మా శాఖ మెట్లు సులువు. ఇన్‌స్పెక్టరు, ఆయన పైన సహాయ కంట్రోలరు, ఆ పైన డిప్యూటీ కంట్రోలరు, శిఖరాన కంట్రోలరు. పైకి వెళ్లేకొద్దీ కాగితాల బరువు పెరుగుతుంది, కిందికి వచ్చేకొద్దీ ఇనుము బరువు పెరుగుతుంది. ఇన్‌స్పెక్టరు దగ్గర ఉండే సరిచూసిన తూకపు రాళ్లను ప్రమాణపు రాళ్లు అంటారు. వాటిని మళ్లీ పై ప్రయోగశాలలో ఇంకా నమ్మకమైన రాళ్లతో సరిచూస్తారు. చిన్నవి మఖమల్ పెట్టెలో నగల్లా ఉంటాయి. పెద్దవి ఇరవై కిలోల ఇనుప దిమ్మలు. కొట్టువాడి తక్కెడ మా రాళ్లతో సరిపోతే దాని సీసపు బిళ్ల మీద ముద్ర కొడతాం. సరిపోకపోతే పాత ముద్ర చెరిపేసి, రసీదు రాసిచ్చి, తక్కెడ స్వాధీనం చేసుకుంటాం. పాతికేళ్ల ఉద్యోగం సారాంశం ఇంతే. మిగతాదంతా ఎండ.

ఈ పాతికేళ్లలో నాకు అందిన ఫిర్యాదులన్నీ ఒకటే రకం. "నాకు తక్కువ తూచాడు." బియ్యంలో, పెట్రోలులో, బంగారంలో, చివరికి ఒకాయన తన పెళ్లి విందుకు తెచ్చిన జిలేబీలో. అందుకే మాఘమాసంలో ఒక సోమవారం పొద్దున రాములమ్మ మా ఆఫీసు మెట్లెక్కినప్పుడు, నేను అలవాటుగా ఫారం తీసి 'తక్కువ' అన్న మాట ముందే రాసేసుకున్నాను.

రాములమ్మది నెల్లిమర్ల దారిలో ఒక ఊరు. ఊరి పేరు చెప్పను. చెబితే వాళ్లు మళ్లీ పిలిచి భోజనం పెడతారు, నా డాక్టరు ఒప్పుకోడు. పొలం పనులకి కూలికెళ్తుంది, మిగతా రోజుల్లో వంకాయలూ బెండకాయలూ సంతలో అమ్ముతుంది. కూర్చోమని చెప్పేలోపే నా బల్ల మీది పేపర్ వెయిట్ చేతిలోకి తీసుకుని, ఒకసారి ఎగరేసి పట్టుకుని, "పావు కిలోకి రవ్వంత తక్కువ" అంది. ఆవిడ వెళ్లాక ఆ పేపర్ వెయిట్‌ని మా ఆఫీసు సున్నితపు త్రాసులో తూచాను. రవ్వంత తక్కువే. ఆ రోజు నుంచి ఆ త్రాసు నా కళ్లలోకి సూటిగా చూడలేదు.

"తక్కెడ మీద పిర్యాదు ఇయ్యాల బాబూ," అంది రాములమ్మ.

ఎవరి తక్కెడ అని అడిగాను.

"అమ్మోరిది. మా ఊరి అమ్మోరి గుళ్లో మొక్కుల తక్కెడ ఉన్నాది. మనిసిని ఒక పక్క కూకోబెట్టి, రెండో పక్క బెల్లం ఏసి తూస్తారు. అది మనిసికి నాలుగు కిలోలో, అయిదు కిలోలో తక్కువ సూపిస్తాది."

అలా అయితే నీకు వచ్చిన నష్టం ఏమిటమ్మా అన్నాను.

"నాకేటి నట్టం? నాకు లాబమే. బెల్లం తక్కువ పడతాది. నట్టం అమ్మోరికి."

పెన్ను కింద పెట్టాను. తనకు తక్కువ వచ్చిందని ఏడ్చేవాళ్లను చూశాను. తను తక్కువ ఇస్తానేమోనని ప్రభుత్వానికి ఫిర్యాదు చేసిన మనిషిని చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

విషయం ఇదీ. అంతకు మూడేళ్ల కిందట ఆవిడ భర్త అప్పలనాయుడికి పచ్చకామెర్లు ముదిరాయి. ఆస్పత్రి మంచం మీద దుప్పటి కప్పితే మనిషి ఉన్నాడో, దుప్పటి ఒక్కటే ఉన్నదో నర్సులకి తెలిసేది కాదట. మనిషి బతికితే మనిషెత్తు బెల్లం ఇస్తానని రాములమ్మ మొక్కుకుంది. బతికాడు. ఆ ఊళ్లో అమ్మోరి పండగ మూడేళ్లకోసారి గనుక మొక్కు అంతకాలమూ ఆగింది. అప్పలనాయుడు మాత్రం ఆగలేదు. ఈ మూడేళ్లలో ఆయన ఒక మనిషి నుంచి ఇద్దరు మనుషులయ్యాడు. మొక్కుకున్న రోజున నలభై కిలోలున్న భర్త మొక్కు తీర్చే రోజుకి ఎనభై కిలోలయ్యాడు. చుట్టాలంతా పాత బరువే ఇవ్వమని సలహా చెప్పారట. ఆవిడ ఒప్పుకోలేదు.

"అమ్మోరు మనిసిని నాకు పూర్తిగా ఇచ్చినాది బాబూ, తరుగు తియ్యలేదు. నాను తరుగు తీసి ఎలగ ఇస్తాను?"

తక్కెడ తప్పని ఎలా తెలిసిందంటే, క్రితం పండగలో ఆవిడ మరిది కూడా మొక్కు తీర్చుకున్నాడు. ఆస్పత్రి మిషను మీద అరవై కిలోలు తూగినవాడు అమ్మోరి తక్కెడలో యాభై ఆరే తూగాడు. బెల్లం దిమ్మలు ఎత్తి పెట్టింది రాములమ్మే. ఆవిడ చెయ్యి అబద్ధం చెప్పదు. గుడి పెద్దని అడిగితే ఆయన నవ్వి, అది అమ్మోరి మహిమ అన్నాడట. అమ్మోరి పళ్లెంలో కూర్చున్న మనిషికి పాపాల బరువు దిగిపోయి తేలికవుతాడని ఆ ఊళ్లో తాతల నాటి నమ్మకం.

ఫారం నింపడం మొదలుపెట్టాను. 'వ్యాపారి పేరు' అన్న గడి ఖాళీగా వదిలేశాను. 'నష్టపోయిన వ్యక్తి' అన్న గడి దగ్గర అరగంట ఆలోచించి 'గ్రామదేవత' అని రాశాను. 'చిరునామా' గడిలో 'ఊరి తూర్పు పొలిమేర' అని రాశాను. 'ఫోన్ నంబరు' అన్న చోట గీత పెట్టాను.

ఆ ఫారం చూసి మా సహాయ కంట్రోలరుగారు కుర్చీలోంచి లేచి, కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మళ్లీ కూర్చున్నారు. మంచి మనిషి. టీ తాగేముందు కూడా జీవో ఉందేమో చూసుకునే రకం. మా చట్టం సరుకు చేతులు మారే తూకానికి వర్తిస్తుంది. మొక్కులో బెల్లం చేతులు మారుతుంది, నిజమే. కానీ అందుకునే చేతులు ఎవరివి? ఈ ప్రశ్న మీద ఆయన వారం రోజులు తర్జనభర్జన పడి, చివరికి ఒక మెమో ఇచ్చారు. మత విశ్వాసాల్లో జోక్యం చేసుకోరాదని మొదటి పేరా. పౌరురాలి ఫిర్యాదును ఉపేక్షించరాదని రెండో పేరా. ఈ రెండింటినీ ఒకేసారి పాటించవలసిందిగా ఇన్‌స్పెక్టరుకు ఆదేశం మూడో పేరా. తక్కెడ గుళ్లోంచి బయటికొచ్చేది పండగ మంగళవారం పొద్దున మాత్రమే. మధ్యాహ్నం దాటితే మొక్కుల తూకం ముగిసినట్టే. ఆ తర్వాత మళ్లీ మూడేళ్లు.

ఆ మంగళవారం ఇరవై కిలోల రాళ్లు ఎనిమిది ఆటోలో వేసుకుని బయలుదేరాను. మొదటి ఎత్తు రాగానే ఆటో ముందు చక్రం గాలిలోకి లేచింది. మిగతా దారంతా వెనక చక్రాల మీదే వెళ్లాం. ఎదురొచ్చిన గేదెలు పక్కకి తప్పుకుని దారిచ్చాయి.

గుడి ముందు పందిరి, డప్పులు, తలల మీద అమ్మోరి గరగ కుండలు, పదివేలమంది జనం. మూడు తాటి దుంగలు గోపురంలా నిలబెట్టి వాటి మధ్య తక్కెడ వేలాడదీశారు. అడ్డదూలం నిలువెత్తు పొడవు ఇనుప కమ్మీ. రెండు చివర్ల గొలుసులతో రెండు చెక్క పళ్లేలు. అమ్మోరికి కుడివైపున ఉన్నది మనిషి కూర్చునే పళ్లెం. ఆ పక్కనే కమ్మీకి ఒక ఇత్తడి గంట కట్టి ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు తక్కెడ ముక్కుసూటిగా, సమంగా నిలబడింది.

గుడి పెద్ద తవిటినాయుడు నన్ను చూడగానే జనం వైపు తిరిగి, "ఒరే, అమ్మోరికి ముద్ర కొట్టడానికి గవర్నమెంటు వొచ్చినాదిరా!" అన్నాడు. పదివేలమందీ నవ్వారు. నా మొహం చూసి మళ్లీ తనే, "కోపమొద్దు సారూ. సూసుకోండి. మా అమ్మోరు ఎవురికీ బయపడదు," అని కొబ్బరినీళ్లు ఇప్పించాడు.

తనిఖీ పద్ధతి ఇదీ. ఖాళీ తక్కెడ సమంగా ఉంటే సరిపోదు. రెండు వైపులా సమానమైన రాళ్లు పెట్టి చూడాలి. నాలుగు రాళ్లు మనిషి పళ్లెంలో, నాలుగు రాళ్లు బెల్లం పళ్లెంలో పెట్టించాను. ఎనభైకి ఎనభై. బెల్లం పళ్లెం బరువుగా కిందికి దిగింది. మనిషి పళ్లెంలోని నా ప్రమాణపు రాళ్లు, ప్రయోగశాలలో సరిచూసి సర్టిఫికెట్ ఇచ్చిన రాళ్లు, మెల్లగా ఆకాశంలోకి లేచాయి.

జనం మెడలెత్తి చూశారు. తర్వాత తవిటినాయుడి గొంతు. "సూసినారేటి! గవర్నమెంటు రాళ్లు కూడా అమ్మోరి ముందర తేలికైపోనాయి!"

డప్పులు పగిలిపోయేలా మోగాయి. ఆడవాళ్లు నా ఇనుప దిమ్మలకి పసుపు రాశారు. ఎవరో వాటి ముందు కొబ్బరికాయ కొట్టారు. లోపం నిరూపించడానికి నేను తెచ్చిన సాక్ష్యం మహిమకి సాక్ష్యమైపోయింది. ఉద్యోగంలో ఇంత ఘనంగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు.

నిచ్చెన వేయించుకుని పైకెక్కి చూశాను. కారణం దొరికింది. కమ్మీ మధ్యలో వేలాడే కొక్కెం ఎప్పుడో విరిగితే, కమ్మరి కొత్త బెజ్జం బొటనవేలంత పక్కకి, మనిషి పళ్లెం వైపు జరిపి కొట్టాడు. దాంతో ఆ వైపు చెయ్యి కురచ, బెల్లం వైపు చెయ్యి పొడుగు. పొడుగు వైపు పెట్టిన బరువు ఎక్కువ లాగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వంకర కనబడకుండా కురచ వైపు గంట కట్టారు. కమ్మరి మోసం చేయలేదు, గంట కట్టినవాళ్లూ మోసం చేయలేదు. ఖాళీ తక్కెడ సమంగా ఉంటే చాలనుకున్నారు, అంతే. ఎనభై కిలోల మనిషికి అయిదు కిలోలు తేడా వస్తోంది.

కిందికి దిగి రాములమ్మతో, నువ్వు చెప్పింది నిజమే అన్నాను. అప్పలనాయుడు అప్పటికే మెడలో బంతిపూల దండతో, తడి పంచెతో తక్కెడ పక్కన నిలబడి ఉన్నాడు. మొక్కు తీరేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు. జనం ఆయన్ని వదల్లేదు. "ఒరే అప్పలనాయుడూ, నువ్వు కూకుంటే తక్కెడ కాదురా, దుంగలు కూలిపోతాయి!" "మావా, నెల్లిమర్లలో బెల్లం అయిపోనాదంట, సాలూరుకి మనిసిని పంపినారంట!" ఆ పెద్దమనిషి సిగ్గుతో ఎర్రబడి, ఆకలితో తెల్లబడి, రెండు రంగుల్లో నిలబడ్డాడు.

రాములమ్మ బెల్లం దిమ్మల పక్కన చతికిలబడింది. "ఈ తూకం నానొప్పుకోను," అంది.

"ఒలే, ఆకలేస్తన్నాది. ఏదో ఒక తూకం తూసెయ్యండే," అన్నాడు అప్పలనాయుడు.

"మూడేళ్లు నానాగినాను. మూడు గంటలు నువ్వాగలేవేటి?"

తవిటినాయుడు మొండివాడు కాదు. మధ్యేమార్గం చెప్పాడు. అయిదు కిలోలే కదా తేడా, ఆరు కిలోలు అదనంగా వేసెయ్యి, అమ్మోరు సంతోషిస్తుంది అన్నాడు. రాములమ్మ ఆయన వైపు సంతలో బేరమాడేవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఎక్కువేస్తే అది నా దయ అవుతాది. అమ్మోరి మీద నా దయేటి బావా? ఆయనెత్తు ఇస్తానన్నాను. ఆయనెత్తే ఇస్తాను. తక్కువా ఒద్దు, ఎక్కువా ఒద్దు."

నేను కరెంటు కాటా తెప్పిస్తానన్నాను. దాని మీద మనిషినీ బెల్లాన్నీ విడివిడిగా తూస్తే గ్రాములతో సహా తేలిపోతుంది. అందుకు ఊరూ ఒప్పుకోలేదు, ఆవిడా ఒప్పుకోలేదు. మనిషి నేల విడిచి అమ్మోరి ఎదుట, అమ్మోరి తక్కెడలోనే గాలిలోకి లేవాలి. "అది తూకమే గానీ మొక్కు కాదు బాబూ," అంది.

ఇక చట్టం ప్రకారం నాకు మిగిలింది ఒకటే. తక్కెడ లోపమున్నదని రాసి, రసీదు ఇచ్చి, స్వాధీనం చేసుకోవడం. అలా చేస్తే ఊరి మహిమ పోతుంది, పండగ ఆగిపోతుంది, రాములమ్మ మొక్కు మళ్లీ మూడేళ్లు వాయిదా పడుతుంది. చేయకపోతే ఆవిడ అమ్మోరికి తక్కువ ఇచ్చినదవుతుంది. ఎండ నడినెత్తికి వస్తోంది. మెమోలోని మూడో పేరా నా జేబులో నిప్పులా కాలుతోంది.

సరిగ్గా అప్పుడు నా మెదడులో మెరుపు మెరిసింది. శిక్షణలో నేర్చుకున్న బదులు తూకం గుర్తుకొచ్చింది. తక్కెడ ఎంత వంకరదైనా సరే, మనిషిని ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, అవతలి పళ్లెంలో ఏదో ఒక బరువు పెట్టి సమం చేయాలి. తర్వాత మనిషిని దింపి, అవతలి బరువు ముట్టుకోకుండా, మనిషి కూర్చున్న పళ్లెంలోనే బెల్లం పేర్చాలి. మళ్లీ సమం అయినప్పుడు బెల్లం బరువూ మనిషి బరువూ ఒకటే. వంకర ఇద్దరికీ ఒకలాగే వర్తిస్తుంది గనుక తేడా మిగలదు. నేను చెయ్యెత్తి, ఈ సంగతి గంభీరమైన గొంతుతో, శంఖంలా, జనానికి వివరించాను.

తవిటినాయుడు గడ్డం గోక్కున్నాడు. "అంటే అమ్మోరు మనిసిని ఎంత తేలిక సేస్తాదో, బెల్లాన్నీ అంతే తేలిక సేస్తాదన్నమాట," అన్నాడు.

నేను వెంటనే అవునన్నాను. భౌతికశాస్త్రం కూడా కాదనలేదు.

"మరయితే మయిమ ఎక్కడికీ పోలేదు కదా. కానియ్యండి!"

అవతలి పళ్లెంలోకి ఏం వేయాలన్నది తర్వాతి ప్రశ్న. నా రాళ్లు ఇరవై కిలోల దిమ్మలు, వాటితో సన్నగా సర్దడం కుదరదు. గుప్పెడు గుప్పెడు వేసి సరిచేయడానికి గింజలు కావాలి. ఊళ్లో వడ్లన్నీ అప్పటికే మిల్లుకి వెళ్లిపోయాయి. జనంలో నిలబడి ఇదంతా వింటున్న ప్రకాశరావు మాస్టారు ముందుకొచ్చారు. ఆయన ఆ ఊరి బాప్టిస్టు చర్చికి సంఘ పెద్ద, బళ్లో లెక్కల మాస్టారు కూడా. లెక్క దగ్గర నుంచి చొక్కా మడత దాకా అన్నీ సరిగ్గా ఉండాలనే మనిషి. చర్చిలో కోత పండగ ఆదివారమే జరిగింది, దేవుడికిచ్చిన వడ్ల బస్తాలు ఇంకా అరుగు మీదే ఉన్నాయి అన్నారు.

తవిటినాయుడు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏటి బావా, ఏసుబాబు వడ్లు మా అమ్మోరి తక్కెడలోకా?"

"క్రిస్మసుకి మీ బట్టీ బెల్లంతో మా ఇంట్లో అరిసెలొండితే, ఆయాల నోరెత్తలేదేటి బావా?" అన్నారు మాస్టారు.

"ఆ అరిసెలు సగం నానే తిన్నాను. నోరు కాళీ లేదు."

రాములమ్మ లేచి నిలబడింది. "ఆ వడ్లు ఊడ్సింది నాను, కోసింది నాను. నాకు లేని అడ్డు మీకేటి? తెండి." దాంతో మతచర్చ ముగిసింది. అయినా మాస్టారు పద్ధతి తప్పలేదు. పాస్టరుగారికి ఫోన్ చేసి విషయమంతా వివరించారు. అవతలి నుంచి ఒకే ప్రశ్న వచ్చిందట, వడ్లు తిరిగి వస్తాయా అని. వస్తాయన్నారు. సరే అన్నారట.

అప్పలనాయుడు అమ్మోరికి దండం పెట్టి పళ్లెంలో కూర్చున్నాడు. తాటి దుంగలు మూలిగాయి. భూమి ఒక అంగుళం దిగింది. అవతలి పళ్లెంలో బస్తా విప్పి వడ్లు పోయడం మొదలుపెట్టారు. చివరి సర్దుబాటు మాస్టారు తన చేత్తోనే చేశారు. గుప్పెడు వేసి, సగం తీసి, చిటికెడు వేసి, కళ్లజోడు పైకి తోసుకుని, ఇంకో చిటికెడు వేశారు. ఎవరో "మాస్టారూ, అమ్మోరికి మొక్కేస్తన్నారేటి?" అని ఎగతాళి చేస్తే, "మొక్కటం లేదురా, తూస్తన్నాను," అన్నారు తల తిప్పకుండా. చివరికి ఒక్క గింజ దగ్గర అడ్డదూలం ఊపిరి బిగబట్టినట్టు సమంగా నిలిచింది. అప్పలనాయుడు కాళ్లు నేల విడిచి, గాలిలో తేలుతూ, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆయన్ని దింపారు. అదే పళ్లెంలో రాములమ్మ తన చేతులతో బెల్లం దిమ్మలు పేర్చింది. ఒక్కోటీ ఎత్తినప్పుడల్లా పెదవులు కదుపుతూ బరువు చెప్పుకుంటోంది. పాత లెక్క ప్రకారం సరిపోవలసిన చోట అవతలి వడ్ల పళ్లెం ఇంకా లేవలేదు. ఇంకో దిమ్మ పట్టింది. చివరి ముక్కని కత్తితో కోసి పెట్టేసరికి అడ్డదూలం మళ్లీ సమం అయింది. ఆవిడ మొదట తక్కెడ వైపు చూసింది, తర్వాత అమ్మోరి వైపు చూసింది, ఆ తర్వాత నా వైపు చూసి, "సరిపోనాది," అంది. నా ప్రమాణపు రాళ్లకి సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి సంతకం కూడా నాకు అంత ధైర్యం ఇవ్వలేదు.

ఆ తర్వాత ఊరికి పూనకం వచ్చింది. వేళ దాటిపోతున్నా మొక్కులున్న వాళ్లంతా ఈ కొత్త తూకమే కావాలన్నారు, తవిటినాయుడు కాదనలేదు. క్రితం పండగలో తూగిన వాళ్లు కూడా, రాములమ్మ మరిదితో సహా, తక్కువ పడిన బెల్లం పట్టుకుని పరుగెత్తుకొచ్చి మళ్లీ ఎక్కారు. చర్చి వడ్లు పళ్లెంలోకి వెళ్తున్నాయి, వస్తున్నాయి. ఆ వేళ అక్కడ ఆకలితో ఉన్నవాళ్లు కూడా నవ్వుతూనే ఉన్నారు. అప్పలనాయుడు ఒక మూల కూర్చుని పులిహోర తింటున్నాడు. ఎంత తిన్నాడంటే, మళ్లీ తూచవలసి వస్తుందేమోనని నాకు భయం వేసింది.

తూకాలు ముగిశాక తవిటినాయుడు వడ్లు బస్తాల్లోకి ఎత్తించి, నేల మీద రాలిన గింజలు కూడా చేటతో చెరిగించి, చర్చి అరుగు దాకా తనే దగ్గరుండి తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. బస్తా మీద ఒక బెల్లం దిమ్మ పెట్టి ఉంది. మాస్టారు దాన్ని చూసి తటపటాయించారు. దేవతకి పెట్టింది ఆయన తినరు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"అమ్మోరికి పెట్టింది కాదురా బావా. గుడి మెట్టు ఎక్కించలేదు. కొట్లోంచి తిన్నగా నీ కాడికే తెచ్చినాను. తిను," అన్నాడు తవిటినాయుడు.

మాస్టారు అక్కడే ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని, నాకొక ముక్క ఇచ్చారు. ఇద్దరి మధ్యా ఇలాంటి ఏర్పాట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్నాళ్లుగా ఉన్నాయో నేను అడగలేదు. అది తనిఖీ పరిధిలోకి రాదు.

నివేదికలో ఇలా రాశాను: తక్కెడ చేతులు అసమానం. అయినా బదులు తూకం పద్ధతిలో వాడుతున్నందున ఫలితంలో లోపం లేదు. స్వాధీనం అవసరం లేదు. విశ్వాసాలలో జోక్యం జరగలేదు. ఫిర్యాదు పరిష్కారమైంది. సహాయ కంట్రోలరుగారు మూడుసార్లు చదివి, కుర్చీ చుట్టూ ప్రదక్షిణ చేయకుండానే సంతకం పెట్టారు.

ఆ రోజు నాకు తెలిసినది ఇదీ. చట్టం పట్టుకుని ఒక ఊరి నమ్మకంలోకి వెళ్లినప్పుడు, అక్కడివాళ్లు దేన్ని వదులుకోలేరో ముందు అడిగి తెలుసుకోవాలి. గుడి పెద్ద మహిమని వదులుకోలేడు, మాస్టారు తన నియమాన్ని వదులుకోలేరు, రాములమ్మ గ్రాముని కూడా వదులుకోలేదు, నేను మెమోని వదులుకోలేను. సరైన తూకం ఒక్కటే నలుగురికీ కావలసినది. అది దొరికాక మిగతావి ఎవరివి వాళ్ల దగ్గరే ఉండిపోయాయి.

ఇక ఇచ్చిన మాట ప్రకారం కల్పించిన భాగం. ఆటో చక్రం, పదివేల జనం, అంగుళం దిగిన భూమి, ఇవన్నీ తరుగు కిందికి వస్తాయి, మీరే తీసేసుకుని ఉంటారు. తూకం, వడ్లు, ఫోను, బెల్లం ముక్క, అక్షరాలా నిజం. కల్పించింది ఒక్కటే. నా మెదడులో ఏ మెరుపూ మెరవలేదు. ఆ క్షణంలో నేను పెన్ను మూత తీసి, స్వాధీనపు రసీదులో తేదీ వేస్తున్నాను. రాములమ్మ నా మోచేతి దగ్గరికి వచ్చి, "మనిసిని దింపేసి, ఆ పళ్లెంలోనే బెల్లం ఎయ్యకూడదేటి బాబూ?" అని అడిగింది. శిక్షణలో ఆ పాఠానికి మంచి మార్కులు తెచ్చుకున్న నాకు అర్థం కాక, మళ్లీ చెప్పమన్నాను.